ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ కొన్నా పళ్లు పుచ్చుతున్నాయా? తప్పు ఎక్కడ జరుగుతుందో చూడండి

ఫోన్, ఇయర్‌బడ్స్ తర్వాత ఇప్పుడు చాలామంది కార్ట్‌లో పడుతున్న గ్యాడ్జెట్ ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్. నిమిషానికి 31,000 స్ట్రోక్స్, ఐపీఎక్స్7, నెల రోజుల బ్యాటరీ.. స్పెక్స్ చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. కానీ మాది నిజామాబాద్. ఎండాకాలం బోధన్ వైపు వెళ్తే చెరుకు రసం బండి దగ్గర ఆగకుండా రావడం కష్టం. అందుకే ఈసారి స్పెక్స్ కాస్త పక్కన పెట్టి, అసలు పళ్లకు ఏం కావాలో చూద్దాం.

బోధన్‌లో శక్కర్‌నగర్ పేరులోనే చక్కెర ఉంది. నిజాం కాలంలో, 1930ల్లో పెట్టిన నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఫ్యాక్టరీ ఆగింది గానీ మన తీపి అలవాటు ఆగలేదు. చెరుకులో ఉండేది సుక్రోజ్. పళ్ల మీది బ్యాక్టీరియా దీన్ని తిని యాసిడ్ వదులుతుంది, పైగా పంటికి అతుక్కునే జిగురు కూడా దీంతోనే తయారుచేసుకుంటుంది. నోట్లో పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. అంటే ఒక గ్లాసు ఒకేసారి తాగేయడం కంటే, గంటసేపు కొంచెం కొంచెం సిప్ చేయడం ఎక్కువ నష్టం. గేమింగ్ చేస్తూ కూల్‌డ్రింక్ తాగేవాళ్లకూ ఇదే లెక్క.

మరి తాగిన వెంటనే బ్రష్ చేస్తే సరిపోతుందా? అదే తప్పు. నిమ్మకాయ పిండిన రసం, కూల్‌డ్రింక్ లాంటివి తాగాక ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది. అప్పుడు బ్రష్‌తో రుద్దితే అరుగుతుంది. ముందు నీళ్లతో పుక్కిలించండి, అరగంట ఆగి తోముకోండి.

రెండో పెద్ద తప్పు బలం. నా ప్రెషర్ సెన్సర్ బ్రష్ మొదటి రోజు దాదాపు అంతసేపూ ఎర్ర లైటే చూపించింది. ఇన్నేళ్లు గిన్నెలు తోమినట్టు తోముతున్నానని అప్పుడు అర్థమైంది! గట్టిగా రుద్దితే చిగురు కిందికి జరిగిపోతుంది, అలా జరిగిన చిగురు దానంతట అది వెనక్కి రాదు. మామూలు బ్రష్ అయితే సాఫ్ట్ తీసుకుని, చిగురు అంచున 45 డిగ్రీలు వంచి చిన్న చిన్న కదలికలు ఇవ్వాలి. ఎలక్ట్రిక్ అయితే అసలు రుద్దొద్దు, ఒక్కో పంటి దగ్గర రెండు సెకన్లు ఆనించి జరపండి చాలు. చాలామంది ఇక్కడే మిస్ అవుతారు: వేల రూపాయల మెషీన్‌ని కూడా పాత బ్రష్‌లాగే వాడేస్తారు.

పేస్ట్ బఠాణీ గింజంత చాలు. యాడ్‌లో చూపించేది వాళ్ల సేల్స్ కోసం! ట్యూబ్ మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం దగ్గర ఉందో లేదో చూడండి. తోముకున్నాక నురగ ఉమ్మేయండి, కానీ నాలుగుసార్లు నీళ్లు పోసి పుక్కిలించొద్దు. పంటి మీద ఉండాల్సిన ఫ్లోరైడ్ మొత్తం సింక్‌లోకి పోతుంది. ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇక బొగ్గు పొడి, ఉప్పు పెట్టి రుద్దడం మానేయండి, ఎనామిల్‌కి అది గరుకు కాగితమే.

రోజుకు ఒక్కసారే వీలైతే? రాత్రి మానొద్దు. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది, యాసిడ్‌ని కడిగేది అదే కదా.

ఇంతకీ కొనాలా? రెండు నిమిషాల టైమర్, ప్రెషర్ సెన్సర్ ఉంటే కొనొచ్చు. బ్లూటూత్ యాప్‌కి ఎక్కువ డబ్బులు పెట్టడం నా దృష్టిలో వేస్ట్, వారం తర్వాత ఎవరూ ఓపెన్ చేయరు. మూడు నెలలకోసారి హెడ్ మార్చాలి కాబట్టి హెడ్ల రేటు ముందే చూసుకోండి, కొన్ని మోడల్స్‌కి అవి దొరకవు. బడ్జెట్ లేకపోతే సాఫ్ట్ బ్రష్, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. చిగుళ్ల నుంచి రక్తం వారం దాటి వస్తున్నా, చల్లనిది తగిలితే జివ్వుమంటున్నా మాత్రం కొత్త మోడల్ వెతక్కండి, ఖలీల్‌వాడిలో డెంటిస్ట్‌కి చూపించుకోండి.