ఉక్కు గడియారంపై నల్లపూత: దాని స్వభావం, పునరుద్ధరణ

ముంజేతి గడియారాలలో నల్లనివాటికి నేడు యువకులలో మిక్కిలి ఆదరణ ఉన్నది. కొన్ననాడు కాటుకవలె నిగనిగలాడే ఆ గడియారం కొంతకాలానికి అంచులవద్ద తెల్లబడుతుంది. దానిని ఘడీసాజ్ వద్దకు తీసుకొనిపోయి, మళ్లీ నలుపు చేయించవచ్చునా అని అడుగుతారు. ప్రశ్న చిన్నదే. కాని సమాధానం చెప్పవలెనంటే లోహం సంగతి, రసాయనం సంగతి రెండూ తెలిసి ఉండాలి. తెలియక చేయించిన మరమ్మతు వలన ధనం పోవుటయే గాక గడియారం కూడా చెడుతుంది.

లోహాన్ని నల్లబరచే విద్య మన ప్రాంతానికి క్రొత్త కాదు. 1956 వరకు మనతోపాటు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న బీదరు, బిదరీ పనికి ప్రసిద్ధి. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పాత్రను పోతపోసి, దానిపై వెండి తీగెలను, రేకులను పొదుగుతారు. చివరకు బీదరు కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి, వేడి చేసిన పాత్రకు పట్టిస్తారు. తుత్తునాగం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఇక్కడ నలుపు బయటినుండి తెచ్చి పూసినది కాదు, ఆ లోహం తానే మార్పు చెంది పొందినది. కనుకనే వెలిసిన బిదరీ పాత్రను నేర్పరియైన పనివాడు మరల నల్లబరచగలడు.

స్టెయిన్‌లెస్ స్టీలు విషయం ఇందుకు భిన్నం. ఈ ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. మంచి గడియారాలకు వాడే 316ఎల్ రకంలో అది 16 నుండి 18 శాతం. ఈ క్రోమియం గాలిలోని ఆమ్లజనితో కలిసి, కంటికి కానరాని పలుచని పొరగా ఏర్పడి ఉక్కును తుప్పునుండి కాపాడుతుంది. తుప్పును ఆపే ఆ కవచమే నల్లబరచే ద్రావణాలనూ ఆపుతుంది. అందుచేత తుపాకి గొట్టాల వంటి మామూలు ఉక్కును నల్లబరచే మందు దీనిపై పనిచేయదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు వేరే పద్ధతులు లేకపోలేదు. కాని వాటిలో వాడే కొన్ని క్రోమియం లవణాలు కాన్సరు కారకాలు. అవి ఇంటిలోనో, చిన్న దుకాణంలోనో చేయదగిన పనులు కావు.

కావున గడియారానికి నలుపును పైనుండి పూయవలసి వచ్చింది. 1972లో వెలువడిన పోర్షె డిజైన్ వారి నల్లని క్రోనోగ్రాఫు ఈ తీరుకు పేరు తెచ్చింది. ఈ పూతలు పలురకాలు. చవకవాటిలో కేవలం రంగు లేక లక్క ఉంటుంది. కొన్నింటికి విద్యుత్తుతో నల్ల క్రోమియం పూస్తారు. మేలురకం వాటికి వాడేది పి.వి.డి. పద్ధతి. గాలిని తీసివేసిన గదిలో టైటానియం వంటి లోహాన్ని ఆవిరిగా మార్చి, నత్రజని మొదలైన వాయువులతో కలిపి, కేసుపై పేరుకొనజేస్తారు. వజ్రాన్ని పోలిన కర్బనపు పొరను డి.ఎల్.సి. అంటారు. ఇట్టి పొరల మందం సాధారణంగా 1 నుండి 5 మైక్రాన్లు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని తలచుకొంటే వాటి పలుచదనం బోధపడుతుంది.

ఇంత పలుచనివైనా ఇవి బహు కఠినమైనవి. వికర్స్ కొలమానంలో 316ఎల్ ఉక్కు కాఠిన్యం సుమారు 200 మాత్రమే. వేల్పూర్ పసుపు చేల దారిలో లేచే దుమ్ములోని పలుగురాతి రేణువు కాఠిన్యం వేయికి పైమాటే. కనుక వట్టి ఉక్కు ఆ దుమ్ముకే గీతలు పడుతుంది. మేలైన పి.వి.డి. పూత 2000 దాటి ఉండటంచేత ఆ దుమ్మును తట్టుకొంటుంది. మరి అది ఊడిపోవుట ఎందువలన? చెరువులో తడిమట్టిపై ఎండిన పెచ్చును తలచుకొనండి. దానిపై కాలు మోపితే పెచ్చు గట్టిదే అయినా క్రింది మట్టి లొంగిపోవడంతో అది పగులుతుంది. గడియారం గోడకు తగిలినపుడు ఉక్కు నొక్కుకొనిపోగా, పైపూత అదే విధంగా పగిలి రాలుతుంది.

ఇక మరమ్మతు సంగతి. పి.వి.డి. పూతకు అతుకు వేయుట సాధ్యం కాదు. తిరిగి పూయవలెనంటే మొత్తం కేసుకు పూయవలసిందే. ముందుగా లోపలి మిషను, అద్దం, కీ, రబ్బరు వాషర్లు అన్నీ ఊడదీయాలి. పూతగదిలో వేడి 200 డిగ్రీలు దాటవచ్చు, ఆ వేడికి రబ్బరు నిలువదు. పిమ్మట పాత పూతను రసాయనంతో గాని, సన్నని గాజుపూసలను గాలితో చిమ్మి గాని తొలగించాలి. తరువాత నొక్కులను సరిచేసి, ఉపరితలాన్ని మెరుగు పెట్టాలి. పలుచని పూత క్రింది గీతను దాచదు, ఉన్నదున్నట్లు చూపుతుంది. వ్రేలిముద్రలోని జిడ్డు మిగిలినా పూత పట్టదు గనుక కేసును పరిశుభ్రంగా కడగాలి. పూత పూర్తయిన పిదప క్రొత్త వాషర్లు వేసి, నీరు చొరకుండా ఉన్నదీ లేనిదీ పరీక్షించాలి.

ఈ పనికి కావలసిన యంత్రాలు బజారు దుకాణంలో ఉండవు. అందువల్ల కొందరు ఊడినచోట నల్లరంగు అద్ది ఇస్తారు. అది రంగేనని, కొన్నాళ్లకు పోతుందని ముందే చెప్పి అద్దితే దోషం లేదు. పూత మళ్లీ వేశామని చెప్పి రుసుము తీసుకొనుట, అట్టి గడియారాన్ని క్రొత్తదని అమ్ముట మాత్రం మోసమే. రంగు మందంగా పడితే మరచుట్టు మూత సరిగా బిగియక చెమట లోనికి చొచ్చి మిషను తుప్పుపట్టవచ్చు. యజమానికి మూడవ దారి కూడా ఉన్నది. మిగిలిన నలుపును తీయించి తెల్లని ఉక్కుగానే ధరించవచ్చు. గడియారం చవకదైతే ఇదే మేలు, పూత ఖర్చు గడియారం వెలను మించిపోవచ్చు గనుక.

హైదరాబాదు చేరువలోని బాలాపూర్‌లో ఉన్న ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రంలో పనిముట్ల మన్నికను పెంచే పి.వి.డి. వంటి పూతలపై కృషి జరుగుతున్నది. రసాయన, భౌతిక శాస్త్రాలు చదువుతున్న మన విద్యార్థులకు ఇది ఆసక్తి గొలిపే రంగం. ఆ శాస్త్రంలో ప్రవేశించని వారు సైతం ఒక్క విషయం గుర్తుంచుకొంటే చాలు. నల్ల గడియారం మరమ్మతుకు ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి: దీనిపై ఉన్నది ఏ పూత, మీరు వేయబోయేది ఏ పూత, అది ఎంతకాలం నిలుస్తుంది? వీటికి సూటిగా బదులు చెప్పగల పనివాడే మీ గడియారాన్ని అప్పగించదగినవాడు.