ఒక బొట్టు నెత్తుటిలో పలు మాంసకృత్తులు

కొన్నేండ్ల క్రిందట మా ధారూరులో ఒక కోడలిని, రక్తపరీక్ష చీటిలో క్షయ యని వ్రాసి యున్నదని పుట్టింటికి పంపివేసిరి. పిదప కఫమునందు గాని, ఛాతీ చిత్రమునందు గాని రోగచిహ్నము కానరాలేదు. చేరువనే అనంతగిరిమీద క్షయరోగుల చికిత్సాలయ ముండుటచే ఈ ప్రాంతమున ఆ రోగము పేరెత్తిననే భయము. నెత్తురు మనకు నిజముగ నేమి చెప్పగలదో తెలిసికొనుట మంచిది.

క్రిములు దేహమున జొరబడగనే కణములు ఒండొంటికి వార్త లంపుకొనును. ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-6 మున్నగు మాంసకృత్తులే ఆ వార్తాహరులు. ఎలీసా యను పాత పద్ధతిలో సాధారణముగ ఒక్కొక్క గుంటలో ఒక్కొక్కదానినే కొలుతురు. పదింటిని కొలువ పది పాళ్ల రక్తరసము కావలెను. కృశించిన బిడ్డనుండి అంత నెత్తురు తీయుచుండ ఏ తల్లి చూడగలదు?

పూసల పద్ధతి ఈ బాధను తగ్గించినది. ఈ పూసలు కంటి కగపడవు. వ్యాసము రమారమి 6 మైక్రానులు, ఇంచుమించు ఎఱ్ఱరక్తకణమంత. రెండు రంగులను పదేసి పాళ్లలో కలిపి నూఱు తెగల పూసలు చేయుదురు. ఒక్కొక్క తెగకు ఒక్కొక్క మాంసకృత్తును పట్టు ప్రతిరక్షకమును అంటింతురు. అన్నిటిని ఒకే గుంటలో కలిపి 25 లేక 50 మైక్రోలీటర్ల రక్తరసము పోయుదురు. అనగా ఒక బొట్టుకు మించదు. పట్టుబడినదానిపై వెలుగునిచ్చు రంగుతో కూడిన రెండవ ప్రతిరక్షకము నిలుచును. తాండూరు కందులవలె చాటలో వేసి యేరనక్కఱలేదు. పూసలు ఒకటివెనుక నొకటి సన్నని ధారగ సాగుచుండ, ఒక లేసరు కిరణము పూస తెగను, మఱియొకటి పట్టుబడిన పరిమాణమును తెలుపును.

చెన్నపట్టణమున 1956లో స్థాపితమైన క్షయ పరిశోధనా సంస్థలో ఇట్టి కొలతలతో, క్రిమి నిద్రించుచున్నవారికిని రోగము రగిలినవారికిని గల భేదమును వెదకుచున్నారు. ఇది పరిశోధనయే, ఇంకను ఇంటింటి పరీక్ష కాదు. ఈ వార్తాహరులు ఇతర జ్వరములందును పెరుగును. మఱియు రక్తములో మెండుగ నుండునది, అత్యల్పముగ నుండునది ఒకే గుంటలో చక్కగ కొలువబడవు.

మా వీథి కోడలి చీటి మాత్రము ఈ పూసలది కాదు. క్షయక్రిమికి ఎదురుగ పుట్టిన ప్రతిరక్షకములను వెదకు పాతరకపు పరీక్ష. అట్టివానిని వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పగా, మన ప్రభుత్వము 2012లో నిషేధించినది. ఆ చీటి ఆమె మామగారి పెట్టెలో నింకను భద్రముగ నున్నదట! కఫపరీక్ష ప్రభుత్వ వైద్యశాలలో ఉచితముగ చేయుదురు.