పిల్లకి దయ్యం పట్టిందా, దిగులు పట్టిందా?

'మసూద' సినిమా మన లైన్లలో చాలామంది టీవీలోనో మొబైల్లోనో చూసుంటారు. 2022 నవంబరు 18న విడుదలైంది. సాయికిరణ్ తీశారు. నీలం అనే టీచరమ్మగా సంగీత, కూతురు నాజియాగా బాంధవి శ్రీధర్, పక్కింటి గోపిగా తిరువీర్ నటించారు.

భర్తకు దూరంగా ఉంటూ నీలం కూతుర్ని ఒక్కతే పెంచుకుంటూ ఉంటుంది. ఉన్నట్టుండి పిల్ల మారిపోతుంది. రాత్రయితే వేరే మనిషి. మసూద అంటే ఎవరు, ఈ పిల్లనే ఎందుకు పట్టుకుంది అని కూపీ లాగడమే కథ. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. నాకు నచ్చింది మాత్రం భయం కాదు. తల్లి కూతుర్ని వదలదు. పక్కింటి కుర్రాడు పిరికివాడైనా తలుపేసుకోడు.

సినిమాలో దయ్యం నిజమే అనుకుందాం. మరి మన ఇళ్లల్లో? పదో తరగతి పిల్ల మాటామంతీ మానేసినా, తిండి మానేసినా, నిద్రలో కేకలేసినా ముందు తాయెత్తు, తర్వాత వేపమండలతో దెబ్బలు. మగ్గం మీద పోగు తెగితే మగ్గాన్ని కొడతామా? ఆపి, తెగినచోటు వెతికి ముడేస్తాం. పిల్లకి పరీక్షల భయం ఉండొచ్చు. ఎవడో వెంటపడుతూ ఉండొచ్చు. ఆ ఎవడో ఇంటికొచ్చే చుట్టమే అయితే పిల్ల ఎట్లా నోరు విప్పుతుంది? అట్లాంటి వాళ్లని శిక్షించడానికి 2012లోనే పోక్సో చట్టం వచ్చింది. 1098కి ఫోన్ చెయ్యొచ్చు.

1990లలో మన బెంగళూరులో తలుపుల మీద 'నాళె బా' అని రాసేవారు, గుర్తుందా? రేపు రమ్మంటే దయ్యం పోతుందని నమ్మకం. పిల్ల దిగులు అట్లా కాదు, రేపంటే ఇంకా పెరుగుతుంది.

మన ఊళ్లోనే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది. దేశం నలుమూలల నుంచీ అక్కడికొస్తారు. మనమేమో "పిచ్చాసుపత్రికి పోతే పిల్లకి పెళ్లవుతుందా" అని ఆగిపోతాం. అట్లాంటివాళ్లు ఇంట్లోనుంచే 14416కి ఫోన్ చెయ్యండి. దీని పేరు టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

గుడికి పొండి, దర్గాకి పొండి, నేనొద్దనను. పోయేముందు ఆ పిల్ల పక్కన కూర్చుని "ఏమైంది తల్లీ?" అని ఒక్కసారి అడగండి. చెప్పేదాకా ఓపిగ్గా కూర్చోండి.