సోయా మాత్ర ఎముకను కాపాడుతుందా?

మొన్న చెన్నై వ్యాసర్పాడిలో అక్క ఇంటికి వెళ్ళేసరికి నల్లేరు కోస్తోంది. చేతులకు నువ్వుల నూనె రాసుకుని, ముదురు కణుపులు విరిచి పారేసి, లేత కాడల అంచుల్లో నార ఒలుస్తోంది. నూనె రాసుకోకపోతే చేతులు దురద పెడతాయి. కాడలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. చింతపండు వేసి పచ్చడి నూరితే ఆ దురద పోతుంది. పక్కింటి తమిళులు దీన్నే పిరండై అంటారు.

"ముట్లు ఆగి రెండేళ్ళయింది గదరా, మోకాళ్ళు ఒకటే నొప్పి. ఎముకలు అరిగిపోతన్నాయేమో! మందుల షాపులో సోయా మాత్రలున్నాయంట, ఆడవాళ్ళ హార్మోను చెట్ల నుంచే వస్తాదంట. మింగేదా?" అని అడిగింది.

ముందు ఒక మాట. మోకాలి నొప్పి సాధారణంగా కీలు అరగడం వల్ల వచ్చేది. ఎముక పల్చబడటం వేరు. అది నొప్పి పుట్టించదు. జారిపడి మణికట్టో తుంటో విరిగిన రోజున బయటపడుతుంది.

ఎముక రాయిలా ఒకేలా ఉండిపోయేది కాదు. రోజూ పాత ఎముకను తవ్వేసే కణాలు కొన్ని, కొత్తది కట్టే కణాలు కొన్ని. తవ్వేవాళ్ళు హద్దు మీరకుండా చూసే మేస్త్రీ ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ళ హార్మోను. ముట్లు ఆగాక ఆ మేస్త్రీ పని మానేసినట్టే. మొదటి కొన్నేళ్ళలోనే నష్టం ఎక్కువ.

సోయాలో జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లావోన్ పదార్థాలున్నాయి. వాటి ఆకారం ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటుంది కాబట్టి కణంలో దాని తాళంలోనే ఇవీ దూరతాయి. ఆ తాళాలు రెండు రకాలు. రెండోదాన్ని 1996లో కనుక్కున్నారు. సోయా పదార్థాలకు అదే బాగా కుదురుతుంది. కాకపోతే శక్తి మన హార్మోను కంటే వందల రెట్లు తక్కువ. తక్కువని కొట్టిపారేయలేం: 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలకు చూలు నిలవక మందలు దెబ్బతిన్నాయి. దానికి ఇలాంటి పదార్థాలే కారణమని తర్వాత తేలింది.

మరి మన ఎముకకు? ఇక్కడే ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. ఇటలీలో 389 మంది స్త్రీలతో జరిగిన పరిశోధన 2007లో వెలువడింది. రోజుకు 54 మిల్లీగ్రాముల జెనిస్టీన్ రెండేళ్ళు తీసుకున్నవారిలో ఎముక సాంద్రత పెరిగింది. 2011లో వెలువడిన అమెరికా మయామీ పరిశోధనలో 248 మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లావోన్లు ఇచ్చారు. రెండేళ్ళయినా ఎముక నష్టం ఆగలేదు. ఇచ్చిన మందు ఒకటే కాదు, మనుషులూ ఒకటి కాదు. పైగా డైడ్జీన్‌ను మరింత చురుకైన ఈక్వాల్‌గా మార్చే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండవు. జపాన్‌లో దాదాపు సగం మందిలో ఉంటే, పాశ్చాత్యుల్లో అంతకంటే తక్కువ.

షాంఘైలో సుమారు 24 వేల మంది స్త్రీలను గమనించిన అధ్యయనం 2005లో వచ్చింది. సోయా ఎక్కువగా తినేవారిలో ఎముకలు విరగడం తక్కువ. వాళ్ళు తిన్నది మాత్ర కాదు, ఏళ్ళ తరబడి కూరల్లో సోయా. నా లెక్కలో ఈ తేడా చాలా పెద్దది.

నల్లేరు కథ వేరు. 1960లలో వారణాసిలో ఉడుప, ప్రసాద్ జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో నల్లేరు ఇస్తే విరిగిన ఎముక త్వరగా అతికింది. విరిగింది అతకడం, పల్చబడేది నిలవడం ఒకటే కాదు. పచ్చడి మానొద్దు, దాన్నే మందు అనుకోవద్దు. ఈడేరిన పిల్లకు మనవాళ్ళు పెట్టే నువ్వుల చిమ్మిలికి మాత్రం దండం పెట్టాలి. నువ్వుల్లోని లిగ్నన్లు కూడా పేగుల్లో ఈస్ట్రోజెన్‌ను పోలినవిగా మారతాయి. అంతకంటే ముఖ్యం, ఎముక బలం పోగుపడే వయసు అదే.

అక్కకు చెప్పింది ఇంతే. సోయాతో చేసే మీల్ మేకర్ కూర వారానికి రెండుసార్లు వండుకో. మాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా మింగొద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టకుండా సోయా అడ్డుపడుతుంది, రెంటికీ మధ్య కొన్ని గంటలు ఎడం ఉండాలి. అవసరమైతే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాయమను. ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది. మిగతాది పాలు, పెరుగు, ఆకుకూరల్లో చూసుకోవాలి. డి విటమిన్‌కు ఎండ, ఎముకకు నడక.

తమిళుల ఆడి నెలలో అమ్మవారి గుడి దగ్గర పోసే కూళు, అంటే అంబలి, ఆ రాగులదే. అక్కా, ఆ కూళు ఏడాదంతా తాగు.