వార్తల్లో పదం: సీప్యాప్

2022 ఫిబ్రవరిలో ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ సంగీత దర్శకుడు బప్పీ లహిరి కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన జబ్బు పేరు చాలామందికి కొత్త. స్లీప్ అప్నియా.

గురక మోగి మోగి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పక్కన పడుకున్నవాళ్లు ‘హమ్మయ్య’ అనుకుంటారు గానీ, అసలు చిక్కు అప్పుడే. గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, బీపీ ఎగబాకుతుంది. జబ్బు ముదిరితే గంటకు 30 సార్లు, ఆపైన కూడా శ్వాస ఆగడమో సన్నగిల్లడమో జరుగుతుంది.

మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఆ దారిని తెరిచి ఉంచే యంత్రమే సీప్యాప్. సిడ్నీ వైద్యుడు కోలిన్ సల్లివన్ 1980లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో దీన్ని మొదలుపెట్టారు. పీల్చే యంత్రం ఊదే యంత్రమైందన్నమాట!

దీనితో పగటి మత్తు వదులుతుంది, బీపీ కాస్త దిగుతుంది. మరి గుండెపోటు? అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో ఉన్న 2,700 మందికి పైగా రోగులతో సాగిన ‘సేవ్’ అధ్యయనం 2016లో నిరాశే మిగిల్చింది. గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అయితే వాళ్లు మాస్కు పెట్టుకున్నది రాత్రికి సగటున 3.3 గంటలే. సగం నిద్రకు కూడా చాలని వైద్యమది.

సీప్యాప్‌కు చుట్టం లాంటి మరో యంత్రం ఏఎస్‌వీ. గుండె పంపింగ్ బాగా తగ్గి, మెదడు సంకేతాల లోపంతో శ్వాస ఆగే రోగుల్లో అది గుండెజబ్బు మరణాలను పెంచిందని 2015లో తేలింది. అందుకే ఏఎస్‌వీ రాసేముందు అప్నియా ఏ రకమో, గుండె పంపింగ్ ఎంతో వైద్యులు చూసుకుంటారు.