తాత పేరు, మనవడి పేరు, మధ్యలో 60 ఏళ్లు

తెలుగు కుటుంబాల వంశవృక్షాల్లో దొర్లే తప్పుల్లో అన్నిటికన్నా మొండిది 60 అనే అంకె దగ్గర పుడుతుంది. మన సంవత్సరాల పేర్లు ప్రభవతో మొదలై క్షయతో ముగుస్తాయి. మొత్తం 60. ఆ తర్వాత మళ్లీ ప్రభవే. పాత జాతకచక్రంలో ‘నందన’ అని మాత్రమే రాసి ఉంటే అది 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కూడా కావచ్చు. మరోపక్క మనవడికి తాత పేరు పెట్టుకోవడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. తరానికి 25 నుంచి 30 ఏళ్లు వేసుకుంటే అదే పేరు 50, 60 ఏళ్లకోసారి ఇంట్లో మళ్లీ వినిపిస్తుంది. పేరూ, ఏడూ దాదాపు ఒకే దూరంలో తిరిగొస్తున్నప్పుడు తాతా మనవడూ ఒకే మనిషిగా కలిసిపోతారు. మధ్యలో ఉన్న తండ్రి తరం ఏ గీతకీ అందకుండా పోతుంది.

ఊహకి ఒక కుటుంబాన్ని తీసుకుందాం. సుబ్బయ్య కొడుకు రామయ్య 1892లో పుట్టాడు. అతని కొడుకు సుబ్బయ్య 1920లో, ఆ సుబ్బయ్య కొడుకు రామయ్య 1952లో పుట్టారు. ఇంట్లో రెండు దస్తావేజులు దొరికాయి, ఒకటి 1935 నాటిది, ఇంకొకటి 1975 నాటిది. రెండింటిలోనూ ‘సుబ్బయ్య కుమారుడు రామయ్య’ అనే ఉంది. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, తండ్రి పేరూ ఒకటే. ఇద్దర్నీ ఒకరిగా రాసేస్తే 1975లో ఆ రామయ్యకి 83 ఏళ్లు వస్తాయి. 83 ఏళ్ల పెద్దాయన సంతకం చేయకూడదని లేదు కదా, అందుకే ఎవరికీ అనుమానం రాదు. తండ్రి పేరు చూసుకుంటే చాలు, మనిషిని గుర్తుపట్టవచ్చన్న నమ్మకం ఇలాంటి ఇళ్లలో పనికిరాదు.

వీళ్లను విడదీసేది దస్తావేజులో మనం సాధారణంగా దాటేసే వరసలే. వయసు ‘సుమారు 45’ అని ఉంటే మొదటి రామయ్య, ‘సుమారు 25’ అంటే రెండో రామయ్య. హద్దుల్లో పక్క పొలం ఎవరిదని రాశారో చూడాలి. ఆ పక్క రైతు ఏ తరం వాడో తేలితే మన మనిషీ తేలతాడు. ఒకచోట నిశానీ, ఇంకోచోట చేవ్రాలు ఉంటే అది గట్టి ఆధారం. భార్య పేరు, అన్నదమ్ముల పేర్లు, సాక్షుల పేర్లు అన్నీ విడిగా రాసిపెట్టుకోవాలి. ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) కంప్యూటర్‌లో 1983 నుంచి దొరుకుతాయి. అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించుకోవలసిందే. ఆ శ్రమ వృథా పోదు, పాత దస్తావేజుల్లో పాలు పంచుకున్న అన్నదమ్ముల పేర్లు వరసగా కనిపిస్తాయి.

జాతకచక్రం ఉంటే మరో దారి ఉంది, కానీ అందులో ఒక చిక్కు. శని రాశిచక్రం చుట్టి రావడానికి దాదాపు 29.5 ఏళ్లు, గురువుకి దాదాపు 11.9 ఏళ్లు. 60 ఏళ్లలో శని రెండు చుట్లు, గురువు అయిదు చుట్లు తిరిగి ఇద్దరూ ఇంచుమించు మొదటి చోటికే వస్తారు. కాబట్టి 1892 జాతకంలోనూ 1952 జాతకంలోనూ వాళ్లు అదే రాశిలోనో పక్క రాశిలోనో కనిపించి మనల్ని నమ్మించేస్తారు. తేడా చూపించేది రాహువు. అతని చుట్టు 18.6 ఏళ్లు. 60 ఏళ్లకి మూడు చుట్లు పూర్తయి ఇంకా 80 డిగ్రీలకు పైగా జరుగుతాడు, అంటే రెండు మూడు రాశుల దూరం. రాహువు ఏ గడిలో ఉన్నాడో చూసి ఆ రెండు సంవత్సరాల పంచాంగాలతో సరిపోల్చితే ఏది నిజమో బయటపడుతుంది. తిథి, వారం కలిపి రాసి ఉంటే అదీ మంచి పరీక్షే. తప్పు సంవత్సరానికి వారం కూడా కుదిరే అవకాశం సుమారు ఏడింట ఒకటి మాత్రమే.

ఉగాది గీత కూడా మరవకూడదు. 1952లో మొదలైన నందన 1953 ఉగాది ముందురోజు దాకా ఉంటుంది. నందన మాఘంలో పుట్టినవాళ్లు 1953 వాళ్లు. తద్దినం తిథిని బట్టి మరణ సంవత్సరం రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి.

కరువుల జ్ఞాపకం మాత్రం సంవత్సరాన్ని కదలనివ్వదు. ‘డొక్కల కరువులో ఈ ఊరొచ్చారు’ అని ఇంట్లో చెప్పుకుంటే అది గుంటూరు సీమని తుడిచిపెట్టిన 1832-33 నాటి నందన. ‘ధాత కరువు’ అంటే 1876-78. ఇలాంటి మాటలు పెద్దవాళ్ల నోట విన్నప్పుడు విన్నది విన్నట్టే రాసుకోవాలని నా గట్టి అభిప్రాయం, అంకెలుగా మార్చడం తర్వాత చూసుకోవచ్చు.

భూమి కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. మద్రాసు వైపు ఫసలీ జూలైలో మొదలవుతుంది, నిజాం హైదరాబాదులో అక్టోబరులో మొదలయ్యేది. ఫసలీ 1345 అంటే 1935-36. అదే అంకెని హిజ్రీ అనుకుంటే 1926-27 అవుతుంది, తొమ్మిదేళ్లు తేడా. అంత తేడా వస్తే పెళ్లికి ముందే పిల్లలు పుట్టినట్టు కనిపిస్తుంది. శాలివాహన శకమైతే 78 కలపాలి.

ఇక తప్పు కానిదాన్ని దిద్దేయడం ఇంకో బెడద. మేనమామ మేనకోడలిని చేసుకున్న ఇంట్లో పుట్టిన బిడ్డకి తండ్రి తరఫు తాతా నాయనమ్మలే తల్లి తరఫున ముత్తాత, ముత్తవ్వలు కూడా. మూడు తరాల్లో 2, 4, 8 చొప్పున 14 స్థానాలుంటే మనుషులు 12 మందే. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లయితే 8 మంది ఉండవలసిన చోట ఆరుగురు. 1955 హిందూ వివాహ చట్టం సపిండుల మధ్య పెళ్లిని నిషేధించినా, ఆచారం ఉన్నచోట మినహాయించింది. కాబట్టి ఒకే పేరు రెండు చోట్ల కనిపించిందని ఒకదాన్ని కొట్టేయడం, లేని మనిషిని సృష్టించడం తగదు. అలాగే బాబాయి కన్నా అన్న కొడుకు పెద్దవాడైతే కంగారుపడనక్కర్లేదు. పెద్దకొడుకుల వరసలో తరానికి 20 ఏళ్లు, చిన్నకొడుకుల వరసలో 35 ఏళ్లు వేసుకుంటే అయిదు తరాలకి 100, 175 అవుతాయి. ఒకే తరం అనిపించుకునే దాయాదుల మధ్య 75 ఏళ్ల ఎడం వచ్చినా వింత లేదు. అనుమానించవలసినవి వేరే ఉన్నాయి: 12 ఏళ్లకే తల్లి అయినట్టు కనిపించడం, తండ్రి పోయిన రెండేళ్లకి బిడ్డ పుట్టడం, ఒక తల్లికి నాలుగు నెలల తేడాతో ఇద్దరు. వీటి వెనక తరచుగా చెప్పని దత్తత ఉంటుంది, లేదా రెండో పెళ్లి.

వయసు 40, 50, 60 అని గుండ్రంగా ఉంటే అటూ ఇటూ అయిదేళ్లు వదిలిపెట్టాలి. బడిలో చేర్చేటప్పుడు వేసిన పుట్టినరోజుని ఒక్కదాన్నే నమ్మకూడదు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది, అంతకుముందు రికార్డు ఊరిని బట్టి ఉంటుంది. ఒకరు రాసిన వంశవృక్షాన్ని అయిదుగురు బంధువులు నకలు చేసుకుంటే సాక్షులు అయిదుగురు కారు, ఒక్కరే. రెండు ఆధారాలు పొసగకపోతే ఒకదాన్ని చెరపవద్దు. రెండూ పక్కపక్కన రాసి, ఏది ఎక్కడ దొరికిందో తేదీతో సహా కింద రాయాలి.

మగవాళ్ల వరస ఇలా తేలినా సగం పని మిగిలే ఉంటుంది. ఆ 14 స్థానాల్లో 7 స్త్రీలవే. తర్పణంలో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు నిలిచి ఉంటాయి గానీ వాళ్ల పుట్టింటి పేర్లు కాగితాల్లో అరుదు. ఇద్దరు రామయ్యలని విడదీయడానికి గట్టి ఆధారం మళ్లీ ఆ స్త్రీల దగ్గరే ఉంది, తాత పెళ్లి చేసుకున్నదీ మనవడు చేసుకున్నదీ సాధారణంగా వేరువేరు ఇళ్ల ఆడపిల్లల్ని కాబట్టి. ఇంట్లో 80 దాటిన అత్తయ్యలో అమ్మమ్మలో ఉంటే ముందు అడగవలసిన ప్రశ్న అదే: తాత భార్యది ఏ ఊరు, పుట్టింటి ఇంటిపేరేమిటి, ఆమె అన్నదమ్ములు ఎవరు?