పాత రేడియో డయలుకు కొత్త అచ్చు

నవీపేట్: శనివారం మేకల సంతకు పేరుపడిన ఈ ప్రాంతంలో పాత పెంకుటిల్లు విప్పుతుండగా అటక మీద వాల్వు రేడియో కనిపిస్తే పాత సామాను వాడికి తూకానికి వేయవద్దు. వాల్వులు వెతికితే నేటికీ దొరుకుతాయి. చెక్కపెట్టెకు వడ్రంగి ఉన్నాడు. దొరకనిదల్లా ముందరి అద్దంపై ఉండే అచ్చు. అది చెరిగిపోతే ముల్లు తిరుగుతుందే గాని ఎక్కడ ఆగిందో తెలియదు. స్కానరు, కంప్యూటరు సాయంతో ఆ అచ్చును మళ్లీ తయారు చేసుకునే వీలు ఇప్పుడు ఉన్నది.

ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి రేడియో విన్న తరానికి ఆ అద్దం విలువ వేరే చెప్పనక్కరలేదు. నిజామాబాదు దాటి ఎరుగని వారు కూడా దాని మీద ఢిల్లీ, బొంబాయి, సిలోన్ తిరిగి వచ్చేవారు! నిజాం కాలంలో 1935లో మొదలైన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. 1978 నవంబరు 23 నుంచి మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో సర్దారు. హైదరాబాదు 'ఎ' కేంద్రం వినిపించిన 738 అంకె 9ని 82తో హెచ్చవేస్తే వచ్చేదే. అంతకు ముందటి డయళ్లపై కొన్ని పేర్లు తరువాతి స్థానాలకు సరిగా కుదరవు. అయినా వాటిని దిద్దరాదు. దిద్దితే అది వేరే రేడియో అవుతుంది.

చాలా డయళ్లకు అచ్చు అద్దం వెనుక వైపున ఉంటుంది. లోపలి బల్బు వేడికి, వానాకాలపు చెమ్మకు రంగు పొరలుగా లేస్తుంది. దుమ్ము పట్టిందని తడిబట్టతోనో, స్పిరిటుతోనో రుద్దితే హైదరాబాదు, మద్రాసు అన్నీ బట్టకే అంటుకుని వస్తాయి. వెనుక వైపు అసలు ముట్టకపోవడమే మేలు. అద్దం విప్పే పని మెకానిక్కుకే వదలాలి. కొన్ని పాత సెట్లలో లోపలి ఇనుప చట్రానికే కరెంటు వస్తుంది.

విప్పిన అద్దాన్ని స్కానరుపై పెట్టి, పక్కనే స్టీలు స్కేలు ఉంచి 600 డీపీఐలో తీయాలి. పలుచటి చవక స్కానర్లు అద్దం మందం దాటి స్పష్టంగా చూడలేవు. పాత రకం మందపాటి స్కానరు ఉన్న డీటీపీ సెంటరును వెతుక్కోవాలి. తరువాత కోరల్‌డ్రా వంటి ప్రోగ్రాములో ప్రతి గీతను, ప్రతి అక్షరాన్ని బొమ్మపై నుంచి మళ్లీ గీయాలి. ఫోటోను ఉన్నదున్నట్టు అచ్చు వేస్తే మరకలు కూడా అచ్చవుతాయి. కంప్యూటరులోని అక్షరాలు ఆనాటి అక్షరాలకు సరిపోవు కనుక ఓపిక తప్పదు.

అసలు చిక్కు కొలతలో ఉంది. ప్రింటరు కాగితానికి సరిపెట్టే పేరుతో బొమ్మను నూటికి 3 పాళ్లు కుదించిందనుకుందాం. 20 సెంటీమీటర్ల డయలు 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చివరకు వచ్చేసరికి ముల్లు మూడు స్టేషన్ల దూరం తప్పు చూపుతుంది. కనుక నూటికి నూరు పాళ్ల కొలతతో ముందు కాగితంపై తీసి, అద్దం పక్కన పెట్టి చూసుకున్నాకే పారదర్శక ఫిల్ముపై తిరగేసి అచ్చు వేయాలి. మామూలు ప్రింటరులో తెల్ల సిరా ఉండదు. తెల్ల అక్షరాలు కావాలంటే పెద్ద పట్నాల్లోని యూవీ ప్రింటర్లే దిక్కు.

అమెరికాలో పిన్‌బాల్ ఆట యంత్రాలను బాగుచేసే వారిది కూడా ఇదే పద్ధతి. షికాగోలోని గాట్‌లీబ్, బాలీ, విలియమ్స్ కంపెనీల పాత యంత్రాల లోపల ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో చెప్పే చిన్న చీటీలు అంటించి ఉండేవి. చిరిగిన చీటీని స్కాన్ చేసి మళ్లీ గీసేటప్పుడు ఒక్క అంకె తప్పితే యంత్రం కాలిపోవచ్చు. అందుకే చదవరాని అంకెను ఊహించి వేయరాదు, అదే రకం మరో యంత్రంలో చూసి వేయాలి. మన రేడియోకూ అంతే. సగం పోయిన డయలుంటే అదే మోడలు ఉన్న మరో ఇల్లు వెతకాలి.

కుట్టుమిషన్ల మీది బంగారు పూలను కూడా ఇలాగే స్కాన్ చేసి, నీటిలో నానవేసి జార్చే కాగితంపై తీసి అతికిస్తున్నారు.

ఇంట్లో పెట్టుకునే రేడియోకు ఇలా చేసుకుంటే అడిగేవారుండరు. కొత్త అచ్చు వేసి 'అసలు పాతది' అని ఎక్కువ ధరకు అమ్మడం మాత్రం మోసం. కంపెనీ పేరు, గుర్తులతో డయళ్లు వేసి అమ్మకానికి పెడితే 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం అడ్డువస్తుంది. కొత్త ఫిల్ము అంచున అచ్చు వేసిన సంవత్సరం చిన్నగా రాసి, పాత అద్దాన్ని కాగితంలో చుట్టి రేడియో పెట్టెతో పాటే భద్రపరచడం మంచిది.